ఆదివారం ఫిడేళ్ళు

చేతిలో ఫిడేలు పెట్టె పట్టుకొని పాసింజరు రైలెక్కిన మనిషికి దాపరికమంటూ ఉండదు. విశాఖపట్నంలో బండి కదలకముందే ఎదుటి బల్లమీది పెద్దమనిషి పెట్టెవంక ఒకసారి, నావంక ఒకసారి చూస్తాడు. మర్రిపాలెం దాటేసరికి ఇక ఆగలేక అడిగేస్తాడు: "ఏ ఊళ్ళోనండీ పెళ్ళి?"

పెళ్ళి కాదండీ, నేర్చుకోవడానికి వెళుతున్నానంటే నమ్మడు. నా నెరసిన జుట్టువంక చూసి, "ఎవరు, మీ అబ్బాయా?" అంటాడు. కాదు, నేనేనంటే కాసేపు మౌనం వహించి, పక్కనున్న ఆవిడతో మెల్లిగా ఏదో చెబుతాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఏడాదిన్నరగా దాదాపు ప్రతి ఆదివారమూ ఈ తతంగం జరుగుతూనే ఉంది. మొదట్లో సిగ్గుపడేవాణ్ణి. ఇప్పుడు నేనే ముందుగా చెప్పేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటున్నాను.

విశాఖపట్నం నుంచి విజయనగరం అరవై కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ బండికి గంట చాలు. పాసింజరు సంగతి దాని ఇష్టం. సింహాచలం కొండ కాసేపు మనతో నడిచి వెనకబడిపోతుంది. పెందుర్తిలో పాలబిందెలు, కూరగాయల గంపలు ఎక్కుతాయి. కొత్తవలసలో అరకువైపు పోయే దారి చీలిపోతుంది. దాంతోపాటే గంతులేసే కుర్రకారు, కెమేరాలు, కేకలు కూడా చీలిపోయి, ఇటు మిగిలినవాళ్ళం సంసారపక్షంగా సర్దుకొని కూర్చుంటాం. తరువాత కంటకాపల్లి, అలమండ. 2023 అక్టోబరు 29వ తేదీ రాత్రి ఈ రెండు స్టేషన్ల నడుమనే ఒక పాసింజరు బండిని వెనకనుంచి మరో పాసింజరు బండి ఢీకొన్నది. పధ్నాలుగుమంది పోయారు. అదీ ఆదివారమే. ఇప్పటికీ ఆ చోటు వచ్చేసరికి పెట్టెలో ఎవరో ఒకరు మాట ఆపి చేతులు జోడించడం నేను చాలాసార్లు చూశాను. ఆ తరువాత కోరుకొండ. అటుపైన విజయనగరం.

విజయనగరం చూడని తెలుగువాళ్ళుంటారేమో గాని వినని వాళ్ళుండరు. 1713లో కట్టిన కోట, దానికి కొంచెం దూరంలో గంటస్తంభం, పెద్దచెరువు, మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి చదురుగుడి. దసరా వెళ్ళిన తరువాత వచ్చే మంగళవారంనాడు సిరిమాను ఆ గుడినుంచి కోటదాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆనాడు ఊళ్ళో అడుగు పెట్టడానికి చోటుండదు. మిగతా రోజుల్లో మాత్రం తొందరపడని ఊరు. ఆటోవాడు కూడా, "ఎక్కండి మాస్టారూ, ఎళ్దాం" అని, బీడీ పూర్తయ్యాకే బయలుదేరతాడు.

ఈ ఊరికి సంగీతం పిచ్చి ఇవాళ్టిది కాదు. 1919లో మహారాజావారు ఇక్కడ సంగీత కళాశాల పెట్టించారు. తమ కొలువులో ఉద్యోగి ఒకాయనకు చూపులేని కొడుకుండేవాడనీ, ఆ కుర్రవాడికి విద్య చెప్పించాలన్న సంకల్పంతోనే ఆ కళాశాల పుట్టిందనీ ఊళ్ళో పెద్దలు చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అప్పటికి ఇరవై ఆరేళ్ళవారు. కళాశాలలో విద్యార్థిగా చేరదామని వచ్చారట. ఆయన వాయించింది విని, విద్యార్థిగా కాదు, ఉపాధ్యాయుడిగా ఉండమన్నారు. 1936లో దాసుగారి తరువాత ఆయనే ప్రిన్సిపాలయ్యారు. చిన్నప్పటినుంచి నాయుడుగారిది మందచూపు. ఆ చూపుతోనే ఫిడేలును తెలుగుదేశానికి ఇంటిపేరు చేశారు. ఘంటసాల కుర్రతనంలో జోలె పట్టుకొని మధూకరం ఎత్తుకుంటూ సంగీతం చెప్పుకున్నదీ ఈ వీధుల్లోనే.

ఇంత పెద్దవారు నడిచిన వీధుల్లో నేనూ పెట్టె పట్టుకొని నడుస్తున్నానంటే మీకు నవ్వు రావచ్చు. నాకే వస్తుంది. నాయుడుగారు శిష్యుడిగా చేరడానికి వచ్చి గురువైనారు. నేను ఇరవై ఏళ్ళుగా గురువుననుకుంటూ వచ్చి, అదే ఊళ్ళో ఒకరి అరుగుమీద శిష్యుణ్ణయ్యాను.

అదెలా జరిగిందంటే, 2024 సెప్టెంబరులో గురజాడవారి జయంతి సభకోసం వెళ్ళాను. ఉపన్యాసం ఇచ్చాను. శాలువా కప్పారు. రాత్రి అక్కడే ఉండిపోయి, మర్నాడు ఆదివారం పొద్దున కోటవైపు షికారు బయలుదేరాను. ఒక సందులో ఫిడేలు మోత వినిపించింది. మోత అనే అంటున్నాను, నాదం అనడానికి వీల్లేదు. ఎవరో పసిపిల్ల కాబోలు, సాధన చేస్తున్నదనుకున్నాను. అంతలో మోత ఆగింది. ఆగీ ఆగగానే, "భళా! భళా!" అని నలుగురైదుగురు చప్పట్లు కొట్టారు. ఇంత అపస్వరానికి ఇంత మెప్పా అని తొంగి చూద్దును గదా, పెంకుటింటి వీధరుగుమీద చాపలు పరచి ఉన్నాయి. పసిపిల్ల లేదు. అరవై ఏళ్ళు దాటిన ఒక ఇల్లాలు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చిరునవ్వు నవ్వుతున్నది. ఒడిలో ఫిడేలున్నది. చుట్టూ ఉన్నవాళ్ళలో నాకంటె చిన్నవాళ్ళు ఎవరూ కనిపించలేదు.

గోడవార కూర్చున్న వృద్ధుడు నన్ను చూసి, "రండి, నిలబడ్డారేం? ఈవిడకు ఇవాళ ఆవర్తనం పొడుగునా కమాను వణకలేదు. మీరూ పుచ్చుకోండి" అని ఇంత పటికబెల్లం ముక్క నా చేతిలో పెట్టారు.

ఆయనే మా మాస్టారు. వయస్సు డెబ్భై ఎనిమిది. యౌవనంలో ఇక్కడి కళాశాలలోనే చదువుకొని, బళ్ళలో సంగీతం చెప్పి రిటైరయ్యారు. వారం పొడుగునా పిల్లలకు చెబుతారు. ఆదివారం మాత్రం పెద్దవాళ్ళది. పెద్దవాళ్ళంటే, "నలభై నిండనివాళ్ళు దయచేసి రావద్దు" అని ఆయన నియమం. పిల్లల పక్కన పెద్దవాణ్ణి కూర్చోబెడితే నేర్చుకోడట. పిల్లవాడు వారంలో పట్టేసిన దాన్ని పట్టడానికి మనకు రెండు నెలలు పడుతుంది. ఆ రెండు నెలలూ చదువుమీద పోవు, సిగ్గుమీద పోతాయి అంటారాయన.

ఆ పటికబెల్లం చప్పరిస్తూ, నా వయస్సువాడికి వస్తుందాండీ అని మాటవరసకు అడిగాను. "వచ్చే ఆదివారం పదిగంటలకు" అన్నారు. అంతే.

ఆయన దగ్గరే పడి ఉన్న పాత ఫిడేలు ఒకటి కొనుక్కొని ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ పెట్టె తెరచి చూసి, మూసి, "మంచిదే" అన్నది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆ 'మంచిదే' అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో నేను తెలుసుకొని ఉన్నాను.

మీకు ఫిడేలు పరిచయం ఎంతవరకో నాకు తెలియదు. నేను మాత్రం తరగతిలో పఠాభి 'ఫిడేలు రాగాల డజన్' గురించి ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను గాని, ఫిడేలును చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. కచేరీలో దూరంనుంచి చూస్తే ఎంత హాయిగా ఉంటుంది! తీరా పట్టుకుంటే ముందు కూర్చోవడమే పెద్ద విద్య. మఠం వేసుకొని, కుడిపాదం కొంచెం ముందుకు పెట్టి, ఫిడేలు తలను చీలమండమీద ఆనించి, రెండో కొసను ఎడమవైపు రొమ్ముకు ఆనించుకోవాలి. నలభై అయిదేళ్ళు కుర్చీల్లో పెరిగిన మోకాళ్ళు పది నిమిషాలకే మొరపెట్టుకుంటాయి. మొదటి మూడు వారాలూ ఎడమచేతికి పనే లేదు. తీగలమీద కమాను అటూ ఇటూ లాగడమే. తిన్నగా లాగితే నాదం. ఒక్క వెంట్రుకవాసి వంకర పోయిందా, పిల్లి తోక తొక్కినట్టుంటుంది. మా మేడకింద కాపురమున్న కుక్క మొదటి నాలుగు రోజులు జవాబిచ్చి, అయిదో రోజునుంచి ఆ వేళకు వీధి చివరకు వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టింది.

ఇది మన దేశపు వాద్యం కాదని మీకు తెలుసు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు ప్రాంతంలో దొరల దగ్గర దీన్ని నేర్చి మన సంగీతంలోకి తెచ్చాడు. ఆయన 1786లో పుట్టి 1859లో పోయాడు. అంటే ఫిడేలు మన ఇంటికి కోడలై వచ్చి రెండువందల ఏళ్ళయిందన్నమాట. వాళ్ళు నిలబడి గడ్డంకింద పెట్టుకుంటారు. మనం కూర్చోబెట్టి ఒళ్ళో పెట్టుకున్నాం. వాళ్ళ శ్రుతి మార్చి, నాలుగు తీగలనూ షడ్జ పంచమాలకు, మళ్ళీ షడ్జ పంచమాలకు బిగించాం. అయినా కోడలి పట్టుదల కోడలిదే. వీణకు మెట్లుంటాయి, హార్మనీకి మీటలుంటాయి. ఫిడేలుకు నున్నటి నల్లచెక్క తప్ప మరేమీ లేదు. రిషభం ఎక్కడో గీత గీసి ఉండదు. చెవి పెట్టి వెదుక్కోవాలి.

ఆ వెదుకులాటలో నన్ను బాగా ఏడిపించింది గాంధారం. సరళీవరుసలు మాయామాళవగౌళలో కదా! అందులో రిషభం షడ్జానికి గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. గాంధారం వీధి చివర, మధ్యమం ఇంటి పక్కన కాపురముంటుంది. చూపుడువేలు గుమ్మంలో ఉంచి మధ్యవేలిని వీధి చివరకు చాపాలి. చాలకపోతే ఒక రాగం, ఎక్కువైతే ఇంకో రాగం, నాకు మాత్రం ఏ రాగమూ కాదు. నాలుగు నెలలు ఆ ఒక్క స్వరంతో కుస్తీ పట్టాను.

ఇక మా ఆదివారం పద్ధతి చెప్పాలి. అందరూ వచ్చి చాపలమీద కూర్చున్నాక మాస్టారు పటికబెల్లం డబ్బా ముందుపెట్టుకొని, "ఈ వారం ఏం వచ్చింది?" అని వరుసగా అడుగుతారు. ఏం రాలేదో చెప్పకూడదు. అది అందరికీ తెలిసినదే, కాలహరణం. వచ్చింది ఎంత చిన్నదైనా సరే, నోటితో చెప్పి, చేత్తో చూపించాలి. చూపిస్తే పటికబెల్లం. ఎంత చిన్నదైతే అంత పెద్ద ముక్క ఇస్తారని మా అనుమానం.

నేను మొదట ఇది పసిపిల్లల ఆట అనుకున్నాను. ఎమ్మే చదివి, సభల్లో శాలువాలు కప్పించుకొని, పటికబెల్లంకోసం చెయ్యి చాపడమేమిటి? కాని మా నర్సమ్మగారిని చూడండి. ముప్పై అయిదేళ్ళు ఆస్పత్రిలో పనిచేసింది. అర్ధరాత్రి లాంతరు వెలుగులో పసికందుల నరాలకు సూదులు వేసిన చెయ్యి ఆవిడది. ఆ చెయ్యి కమాను పట్టుకుంటే వణికేది. ఇదేం విడ్డూరమమ్మా అని ఆవిడే తనను తాను తిట్టుకునేది. ఆవర్తనం పొడుగునా వణకకుండా లాగిన వారం ఆ పటికబెల్లం అక్కడ తినలేదు. పొట్లం కట్టుకొని మనవరాలికి తీసుకుపోయింది.

ఇంకొక ఇల్లాలున్నది. యాభై ఏళ్ళుంటాయి. నెమ్మదస్తురాలు. మూడు నెలలు ఏదడిగినా, "ఏదోనండీ" అనేది. ఒక ఆదివారం తల వంచుకొనే, "ఈ వారం తలుపు వేసుకోకుండా వాయించానండీ" అన్నది. మాస్టారు వాయించి చూపించమనలేదు. డబ్బా ఆవిడ ముందుకు తోశారు.

జనపనార మిల్లులో పనిచేసి మానుకున్న ఆయన ఒకరున్నారు. మేమందరం తీగ ఒరుసుకొని వేళ్ళకొసలు మండుతున్నాయని మొత్తుకుంటుంటే ఆయన నవ్వేవాడు. ఆయన వేళ్ళు అంత కాయలు కాచి ఉన్నాయి. అదృష్టవంతులండీ మీరు అన్నాన్నేను. ఆయన వేళ్ళవంక చూసుకుని, "ఏటి అదృష్టం మేస్టారూ! ముప్పయ్యేళ్ళు నార లాగిన సెయ్యి. తీగ ఏలికింద ఉందో లేదో తెలీదు" అన్నాడు. నాకు సంగతి తట్టలేదు. మాకు నొప్పి పుడుతున్నది గనుక మా వేళ్ళు తీగను కనుక్కుంటున్నాయి. ఆయనకా సదుపాయం లేదు. ఏడు నెలలకు ఒక ఆదివారం వచ్చీ రాకుండానే, మెట్లు కూడా ఎక్కకుండా, "తెలిసిందండి మేస్టారూ! ఉంగరపేలికి తెలిసింది" అని కేక పెట్టాడు. చేత్తో వాయించి చూపించాడు కూడా. బాగా లేదు. కాని ఆయన ముఖం చూశాను.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో నాకొక కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు. నేను చెప్పకపోయినా ఎవరూ అడగరు గాని, ఇంతదూరం వచ్చాక దాచడమెందుకు? అయిదారేళ్ళ కిందటి మాట. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఒక కుర్రవాడుండేవాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది అతడే మొదట. పద్యం చదవమంటే పదం విరిచేవాడు. గురువేదో లఘువేదో చెప్పలేకపోయేవాడు. ఒకనాడు బోర్డుమీద ఉత్పలమాల పాదం రాసి గణాలు విడదీయమన్నాను. మూడు గణాలు సరిగ్గానే వేశాడు. నాలుగోది తప్పింది. "ఇంతమాత్రం రానివాడివి తెలుగెందుకు తీసుకున్నావయ్యా?" అన్నాను. తరగతి అంతా నవ్వింది. నా మాటకు తరగతి నవ్వితే నాకు ఆ రోజుల్లో సరదాగానే ఉండేది. అతడు చాక్‌పీసు బల్లమీద పెట్టి వెళ్ళి కూర్చున్నాడు. ఆ సంవత్సరమంతా మళ్ళీ నోరు విప్పలేదు. రెండో సంవత్సరం రాలేదు. ఎందుకు రాలేదో, ఇంట్లో ఏమి ఇబ్బందులున్నాయో నేను వాకబు చేయలేదు. ఆ మూడు గణాలు సరిగ్గా వేశాడన్న సంగతి నాకు అలమండ స్టేషన్లో, ఒళ్ళో ఫిడేలు పెట్టెతో కూర్చున్నప్పుడు తట్టింది.

ఆ తరువాత నేనేదో మారిపోయానని చెప్పడం లేదు. మొన్న పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా నా పాత నోరు రెండుసార్లు లేచింది.

పేపర్లంటే గుర్తొచ్చింది. ఆ పేపర్లు దిద్దిన వారం నేను పెట్టె తెరవనేలేదు. ఆదివారం మాస్టారు అడిగితే ఏమీ రాలేదని చెప్పడానికి నామోషీ అనిపించి, "జంటవరుస మూడో కాలంలో వచ్చిందండీ" అని ఒక కోత కోశాను. "ఏదీ?" అన్నారు. వాయించాను. మొదటి కాలంలోనే కమాను నిజం చెప్పేసింది. మాస్టారు కళ్ళు మూసుకొని మొత్తం విని, "మీకు ఈ వారం వచ్చింది అబద్ధమండీ. అదీ శ్రుతిలో లేదు" అన్నారు. అరుగంతా ఘొల్లుమన్నది. నేనూ నవ్వాను. నా తరగతిలో నవ్వుకూ ఈ నవ్వుకూ తేడా ఉన్నది. ఇక్కడ నవ్వినవాళ్ళలో ప్రతివాళ్ళూ ఏదో ఒక వారం అదే కోత కోసి దొరికిపోయినవాళ్ళే. పటికబెల్లం మాత్రం ఇవ్వలేదు.

అందరిలోకీ తొందర ఉన్న శిష్యుడు పోస్టుమాస్టరుగారు. అరవై అయిదేళ్ళవారు. ఆయనకు నీటికాసుల జబ్బు. కంటికి చుట్టుపక్కల చూపు మెల్లిమెల్లిగా తరిగిపోయి, గొట్టంలోంచి చూసినట్టు ఎదుటిది మాత్రమే కనిపిస్తుంది. పోయిన చూపు మందువల్ల తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడానికే చుక్కలు వేసుకుంటారు. ఆయన విషయంలో జబ్బు ఆలస్యంగా బయటపడింది. ఈ సంగతి ఆయన చేరిన రోజునే పదిమందిలోనూ, ఉత్తరం తూకం వేసి బిళ్ళలు ఎంత అంటించాలో చెప్పినట్టుగా చెప్పారు: "కొన్నాళ్ళు కనిపిస్తుంది. ఆ కొన్నాళ్ళలో చూసి నేర్చుకోవలసింది చూసి నేర్చుకుంటాను. తరువాత చూడకుండా వాయించుకోవాలి. అదీ నా పథకం."

అందుకే ఆయన పుస్తకం ముందు పెట్టుకోరు. పాఠం ఇంటిదగ్గర వల్లె వేసుకొని వస్తారు. ఆయనకంటె నేను ముందు చేరినా, జంటవరుసల దగ్గర నన్ను దాటిపోయారు. నాకు కొంచెం అసూయగా ఉండేది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం. వరుస ఆయనదాకా వచ్చింది. "ఈ వారం ఏం వచ్చింది?" అన్నారు మాస్టారు. పోస్టుమాస్టరుగారు జవాబు చెప్పకుండా భుజంమీది తువ్వాలు తీసి మడతపెట్టి కళ్ళకు కట్టుకున్నారు. పెట్టె ఇంకా తెరవలేదు.

చేత్తో తడిమి గొళ్ళేలు రెండూ పట్టుకున్నారు. తెరిచారు. ముందు ఫిడేలు కాదు, కమాను తీశారు. కొసనున్న మరను తిప్పి వెంట్రుకలు బిగించి, చూపుడువేలు కొనతో బిగువు చూసుకున్నారు. రోజిన్ బిళ్ళ మూలగదిలో ఉండాలి, లేదు. రెండుసార్లు వెదికారు. అది చాపమీద పడి ఉన్నది. నర్సమ్మగారు అందివ్వబోయి, మాస్టారు చెయ్యి అడ్డుపెడితే ఆగిపోయింది. నాలుగో తడవకు దొరికింది. కమానుకు రాసుకున్నారు. ఫిడేలు తీసి ఒడిలో సర్దుకొని, పక్కనున్న శ్రుతిపెట్టె మీట నొక్కారు. ఇక బిరడాలు.

మేమెవరమూ అప్పటికి సొంతంగా శ్రుతి చేసుకోవడం ఎరగం. మాస్టారే చేసి ఇచ్చేవారు. పోస్టుమాస్టరుగారు మధ్యషడ్జపు తీగ మీటి, బిరడా తిప్పారు. అది జారింది. మళ్ళీ బిగించారు. జారింది. తీగ తెగుతుందేమోనని నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. మూడోసారి బిరడాను లోపలికి నొక్కి తిప్పారు, నిలబడింది. కమానుతో లాగి, శ్రుతిపెట్టెలోని షడ్జంతో పోల్చి, మరీ ఇసుమంత తిప్పారు. రెండు నాదాలూ కలిసి ఒక్కటైపోయాయి. వీధిలో ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఆయన అది పోయేదాకా ఆగి, పంచమానికి వెళ్ళారు. అలా నాలుగు తీగలు. గడియారం చూడలేదు గాని పావుగంటకు తక్కువ పట్టి ఉండదు. అరుగుమీద ఒక్కళ్ళు కదలలేదు. చలికాలంలో ఆయన మెడమీదనుంచి చెమట కారింది.

శ్రుతి అయ్యాక ఆయన ఏమీ వాయించలేదు. నాలుగు తీగలనూ ఒక్కొక్కటే లాగి వినిపించి, "ఇదండీ ఈ వారం" అన్నారు.

కాసేపు ఎవరికీ మాట రాలేదు. చివరకు మిల్లాయనే, "వొచ్చీసింది బాబూ" అన్నాడు. మాస్టారు లేవలేని మనిషి, లేచి వచ్చి ఎదుట కూర్చొని పటికబెల్లం పట్టుకున్నారు. పోస్టుమాస్టరుగారు చెయ్యి చాపారు గాని అది మరోపక్కకు చాపారు. మాస్టారు అటు జరిగి ఆ చేతిలోనే పెట్టారు.

తరువాత వరుస నాది. దాని తరువాత వాయించడమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. "గాంధారం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకచోటే పడుతున్నదండీ" అన్నాను. వాయించాను. పడింది. నా ముక్క నాకూ వచ్చింది. పోస్టుమాస్టరుగారు తువ్వాలు విప్పుకుంటూ, "మొదటిది కొంచెం తగ్గింది, రెండోది సరిపోయింది" అన్నారు. నిజమే.

పోయిన ఆదివారం మాకిద్దరికీ మాస్టారు గీతం మొదలుపెట్టారు. పురందరదాసుగారి మలహరి గీతం. మాయామాళవగౌళకు పిల్లరాగం అది. ఎక్కేటప్పుడు గాంధారం లేదు, దిగేటప్పుడు ఉంది. ఏడాదికి పైగా ఒక స్వరంకోసం పడిచచ్చినవాడికి ఆ స్వరం సగమే కావాలనడం బాగుంది. పాఠం అయ్యాక పోస్టుమాస్టరుగారూ నేనూ ఒకే ఆటోలో బయలుదేరాం. ఆయన ఇల్లు మూడు లాంతర్లకు ఇవతల. దిగి, ఆటోకు ఎన్ని అడుగులు, గుమ్మానికి ఎన్ని అడుగులు ఆయన లెక్క ఆయనకున్నది. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దన్నారు. గుమ్మందగ్గర మాత్రం ఆగి, "మీ బండికి ఎంత వ్యవధి ఉంది మాస్టారూ?" అని అడిగారు.

ముప్పావుగంట ఉందన్నాను.

"ఈ మధ్య అక్షరాలు అలికినట్టు కనిపిస్తున్నాయి. గీతం ఒక్కసారి చదివి పెడతారా? వల్లె వేసుకుంటాను."

అరుగుమీద కూర్చొని నా పుస్తకం తెరిచాను. స్వరాలు, వాటికింద సాహిత్యం, రూపకతాళం దెబ్బలు. ఒక్కొక్క ఆవర్తనం చదివి ఆగితే, ఆయన తొడమీద తాళం వేసుకుంటూ తిరిగి చెప్పేవారు. మూడు ఆవర్తనాలు తప్పు లేకుండా చెప్పారు. నాలుగోదానిలో ఒక మధ్యమం ఎగిరిపోయింది.

"మూడు సరిగ్గా వచ్చాయండీ" అన్నాను.

"అయితే మళ్ళీ మొదటినుంచి చదవండి" అన్నారాయన.

లోపలినుంచి వాళ్ళావిడ రెండు గ్లాసులతో మజ్జిగ తెచ్చి పెట్టింది. స్టేషనువైపునుంచి నా బండి కూత వినిపించింది. పుస్తకం మొదటి పేజీకి తిప్పాను.